కొసరుగా తెచ్చుకున్న పిల్లాడు

డబ్బింగులోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు నన్ను అడిగే మొదటి మాట ఒక్కటే: "గొంతు ఎట్ల కాపాడుకున్నరు మేడమ్?"

కాపాడుకోలేదు. ఒకసారి పూర్తిగా పోగొట్టుకున్నాను. మిగిలినదానితో వ్యాపారం చేశాను. నేను కిరాణా దుకాణం పిల్లను. చెడిపోయిన సరుకును పారేసే అలవాటు మా ఇంట్లో లేదు. పురుగు పట్టిన కందులను కూడా ఎండబెట్టి, చెరిగి, మళ్ళీ డబ్బాలో పోసేవాళ్ళం.

ఇక్కడ రాస్తున్నది ఎక్కువగా ఒక పిల్లాడి గురించి. పేరు కిట్టు. జపాన్ బొమ్మల సీరియల్లో ఉంటాడు, నిక్కరు వేసుకుని, భుజం మీద కప్పను ఎక్కించుకుని తిరుగుతాడు. వాడికి తెలుగులో గొంతు నాది. ఒక దశలో వాణ్ణి నా చేతిలోంచి లాగేసుకున్నారు. ఎట్లా మళ్ళీ తెచ్చుకున్నానో చెబితే ఈ పని గురించి సగం చెప్పినట్టే. మిగతా సగం శాలువాలు, జ్ఞాపికలు. అవి బీరువా మీద ఉన్నాయి, దుమ్ము దులుపుతూనే ఉన్నాను.

బెల్లం డబ్బా మీద చదువు

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద మా నాయిన దుకాణం. బడి నుంచి రాగానే సంచి మూలకు పడేసి, గల్లా పెట్టె పక్కన ఉండే బెల్లం డబ్బా ఎక్కి కూర్చునేదాన్ని. అక్కడ నేర్చుకున్నదే తరవాత బతుకంతా అమ్ముకున్నాను.

నాయిన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఎవరైనా వచ్చి ఒక ధర అడిగితే ముక్కుతో "హుఁ" అనేవాడు. అది అవునూ కాదు, కాదూ కాదు. వచ్చినాయన తానే కంగారుపడి ఒక మెట్టు పైకి ఎక్కేవాడు. దలాలికి ఒక రకం హుఁ, చుట్టాలకు ఒక రకం, అరువు అడిగే పోలీసాయనకు ఇంకో రకం. మా అమ్మకు వేసేది అన్నిటికంటే చిన్నది, దాదాపు వినబడేది కాదు.

ఇంకొకటి కొసరు. తూకం వేసి, తక్కెడ ముల్లు నిలబడ్డాక, పైన ఇంకో చిటికెడు పప్పో గుప్పెడు మరమరాలో వేస్తారు కదా, అది.

"తూకం ఏసేటప్పుడు ఎవ్వడు మన మొకం జూడడు బిడ్డా. ముల్లు జూస్తడు. కొసరు ఏసేటప్పుడే మొకం జూస్తడు" అనేవాడు నాయిన.

అప్పట్లో నాకది అర్థం కాలేదు. పొట్లాలు కట్టే పని మీద ఉన్నాను.

పెళ్ళయి షామీర్‌పేటకు కాపురం వెళ్ళాక కూడా వారంలో సగం రోజులు వచ్చి పుట్టింటి దుకాణంలో కూర్చునేదాన్ని. మా ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఆయనకు మోటార్ల మోత చాలు, నా మోత కూడా అక్కర్లేదు కాబట్టి వెళ్ళమనేవాడు.

తొంభైల్లో ఒకరోజు, తడిసిన బెల్లం దిమ్మెలు తెచ్చిన లారీ ఆయనతో నేను తగువులో ఉన్నాను. ఒక సన్నటి మనిషి కర్పూరం కోసం వచ్చి, కర్పూరం సంగతి మరిచిపోయి నిలబడ్డాడు. తగువు తేలాక అడిగాడు.

"ఏమ్మా, ఇదంతా మళ్ళీ ఒకసారి అనగలవా?"

"ఎందుకనాలె? ఆయన ఒప్పుకున్నడు గద."

"మైకు ముందు అనాలి."

ఆయన మూర్తిగారు. బెజవాడ మనిషి. హిందీ సీరియళ్ళకు తెలుగు చెప్పించేవారు. ఆ వారం సీరియల్లో కూరగాయల మార్కెట్ ఉందట. బోలెడు మంది అరవాలి, ఉన్నది ముగ్గురు. నేను వెళ్ళి అమ్మేదాన్నీ కొనేదాన్నీ నేనే అయ్యాను. మధ్యలో దూరి బేరం చెడగొట్టే మూడోదాన్ని కూడా అయ్యాను. సీను అయిపోయింది కానీ బేరం తెగలేదని నేను ఆపలేదు. మూర్తిగారు అద్దం అవతల నుంచి చేతులు జోడించారు.

ఆ తరవాత చాలా ఏళ్ళు నర్సులు, దయ్యాలు, "అమ్మగారూ, ఫోన్" అనే పనిమనుషులు. చిన్న పాత్రలని జాలి పడకండి. ఫోన్ వచ్చిందని చెప్పడంలోనే ఆ ఇంట్లో ఎవరికి ఎవరంటే భయమో వినిపించాలి. అది రానివాళ్ళకు పెద్ద పాత్ర ఇచ్చినా ఫోన్ వచ్చినట్టే చెబుతారు.

మూర్తిగారిది ఒక్కటే ఆజ్ఞ: "యాస ఇంటి దగ్గర వదిలేసి రావాలి." అప్పట్లో టీవీలో మా మాటను రౌడీలకూ వాచ్‌మన్‌లకూ తప్ప ఇచ్చేవాళ్ళు కారు. నేను యాసను ఇంటి దగ్గర వదల్లేదు. బస్సులో పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయి, స్టూడియో గేటు దగ్గర దింపేదాన్ని. తిరుగు ప్రయాణంలో కండక్టరుతో చిల్లర కోసం కొట్లాడాలంటే మళ్ళీ కావాలి కదా.

గుడ్ల అట్టల స్టూడియో

రెండువేలు దాటిన కొత్తల్లో పిల్లల చానెళ్ళు తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టాయి. ఆ కప్ప సీరియల్ మూర్తిగారి చేతికి వచ్చింది. డబ్బు పెట్టింది జంగారెడ్డి పటేల్. ఆయనకు షామీర్‌పేట దగ్గర కోళ్ల ఫారం ఉండేది. కోళ్ళకు తెగులు తగిలి ఖాళీ అయిన షెడ్డును స్టూడియో చేశాడు. సినిమా పిచ్చి లేదు, పాటల పిచ్చి లేదు, ఇదెందుకు పటేలా అని అడిగితే ఆయన చెప్పిన కారణం ఇది.

"గోడలకు గుడ్ల అట్టలు గొట్టాలె, సప్పుడు మోగదు అన్నడు మూర్తి. గవి నా దగ్గర లారీల కొద్ది వడి ఉన్నయి."

అట్టలు కొట్టారు. గోడలకు, తలుపుకు, పైకప్పుకు కూడా. ఎండాకాలం ఉక్కకు వాటిలోంచి పాత కోళ్ళు జ్ఞాపకం వచ్చేవి. మూర్తిగారు అగరొత్తి వెలిగిస్తే నాకు దగ్గు. కిటికీ తెరిస్తే, గాలి జవహర్‌నగర్ చెత్తగుట్టల మీద నుంచి తిరిగిన రోజున, మళ్ళీ మూసి కోళ్ళ వాసనకే దండం పెట్టేవాళ్ళం.

ఆ గదిలో నేర్చుకున్నవి కొన్ని చెబుతాను, రాసిపెట్టుకోండి. పట్టు చీర కట్టకండి, మీకంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది. గాజులు తీయడానికి మనసొప్పకపోతే చేతిరుమాలు చుట్టి ముడి వేయండి. తిని రండి, మైకుకు మీ కడుపు మీకంటే దగ్గర. అన్నిటికంటే ముఖ్యం, పిల్లాడి గొంతు అంటే సన్నటి గొంతు అనుకోకండి. ముక్కు మూసుకుని కీచుమనే ఆడవాళ్ళను చాలామందిని చూశాను, వాళ్ళు చేసేది పిల్లాణ్ణి కాదు, ఎలుకను. పిల్లాడి గొంతు సన్నగా ఉండదు, తొందరగా ఉంటుంది. ఒక మాట అంటున్నప్పుడే తరవాతి మాట వెనక నుంచి తోస్తూ ఉంటుంది. దుకాణంలో చాక్లెట్ కోసం నిలబడ్డ పిల్లలను చూడండి, కౌంటరు మీద గడ్డం ఆనించి.

చెవిలో అక్క

పని ఇట్లా ఉంటుంది. బొమ్మను చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కను లూప్ అంటారు. చెవులకు హెడ్‌ఫోన్ పెడతారు, అందులో జపాన్ మాట వస్తుంది. తెర మీద పిల్లాడి నోరు తెరుచుకున్నంత సేపు మన తెలుగు పట్టాలి. నోరు మూసుకుంటే మనం మూసుకోవాలి.

చెవిలో వచ్చేది నిజంగా పిల్లాడి గొంతే అనుకున్నాను. మూర్తిగారు నవ్వారు.

"పిల్లాడు కాదమ్మా, ఆడమనిషి. జపాన్‌లో మగపిల్లల గొంతులు చాలావరకు ఆడవాళ్ళే చెబుతారట. ఆవిడ పేరు చివర్లో వేస్తున్నారు చూడు."

చూశాను. ఏమని చదవను? ఆ అక్షరాల్లో ఒకటి కిటికీలా ఉంది, ఒకటి తక్కెడలా ఉంది. తక్కెడ కనబడగానే మా మనిషే అనిపించింది. ఆ రోజు నుంచి ఆవిడను అక్క అన్నాను. ప్రతి భాగం చివర కిటికీ, తక్కెడ వెతికి, ఉన్నాయని చూసుకుని లేచేదాన్ని.

అక్క దగ్గర నన్ను పడేసింది మాటలు కాదు. ఆ మాటలు నాకు ఒక్కటి తెలిస్తే ఒట్టు. మాటకూ మాటకూ మధ్య ఆవిడ చేసే పనులు. కిట్టు తల తిప్పితే ఒక చిన్న శ్వాస. కప్ప కనబడితే ఒకటి, కనబడకపోతే ఇంకొకటి. అన్నం ముద్ద వేడిగా ఉంటే ఒకటి. అబద్ధం చెప్పబోయే ముందు ముక్కులోంచి ఒకటి. తెలుగు చెప్పేవాళ్ళకు ఇవి గిట్టేవి కావు. "ఇవి కూడా చేయాలా?" అని విసుక్కునేవారు. చాలామంది వదిలేసేవారు. నాకైతే అక్క మా దుకాణంలోనే పెరిగినట్టు అనిపించింది. అది మా నాయిన హుఁ. దలాలిదీ, చుట్టాలదీ, మా అమ్మదీ, అన్నీ ఆవిడ దగ్గర ఉన్నాయి. నేను గల్లా దగ్గర నుంచి తెచ్చి ఒక్కొక్కటే కిట్టుకు తొడిగాను.

ఇంకో విడ్డూరం. జపాన్‌లో ఆ సీరియల్ చాలా ఏళ్ళు నడిచిందట. మనవాళ్ళు ఆ ఏళ్ళన్నీ మూట కట్టి తెచ్చి వరసగా చేయించేవారు. అక్క ఏళ్ళ తరబడి చెప్పినదాన్ని నేను నెలల్లో చెప్పేశాను. కిట్టు పెరగడు, బొమ్మ కదా. కానీ అక్క పెరుగుతోంది. టేపులు మారేకొద్దీ ఆవిడ గొంతు అడుగున కొంచెం ఇసుక చేరుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్రం ఏం చేస్తారు.

విమానాలు, ఒక కేక

కిట్టు కొండ మీద నుంచి పడే భాగం వచ్చింది. కేక పొడుగ్గా ఉండాలి, పడుతున్నకొద్దీ సన్నబడాలి. నేను వేశాను. మూర్తిగారు బొటనవేలు ఎత్తారు, అంతలోనే ముఖం మాడ్చుకున్నారు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో నేర్చుకునే పిల్లలు విమానాలు తిప్పే వేళ అది. గుడ్ల అట్టలు మనుషుల చప్పుడు ఆపుతాయి కానీ విమానాన్ని ఆపవు.

మళ్ళీ వేశాను. మళ్ళీ విమానం. విమానం లేనప్పుడు నా కేక కుదరలేదు, కేక కుదిరినప్పుడల్లా పైన ఎవరో ఒకాయన గిరికీ కొట్టాడు. జంగారెడ్డి పటేల్ బయటికి పోయి ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

"పోయిండు, పోయిండు, ఒర్రు" అని తలుపులోంచి చెప్పాడు. "ఆగు, ఇంకోడు వస్తాండు."

చివరికి కుదిరింది. కొండ అంచు నుంచి అడుగు దాకా, ఒక్క చప్పుడు లేకుండా, నిండు కేక. మూర్తిగారు దాన్ని భద్రంగా రెండు టేపుల్లో పెట్టారు. నేను మంచినీళ్ళు అడగబోయాను. నోరు కదిలింది, ఏమీ రాలేదు.

కొంపల్లిలో గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి, మా ఆయనతో మాట్లాడాడు. నాతో మాట్లాడి లాభం లేదని ఆయనకు తెలిసినట్టుంది.

"గొంతులో కాయలు కట్టాయండి. నెల దాకా ఒక్క మాట కూడా వద్దు. గుసగుస కూడా వద్దు. కేకలు ఇక జన్మలో వద్దు."

మా ఆయన తల వంచుకుని, చాలా బాధ నటించాడు.

మాట్లాడని నెల

మాట పోయిందని బయటికి పొక్కితే కిట్టు పోతాడు. అందుకని స్టూడియోకు చుట్టాల పెళ్ళి ఉందని కబురు పంపి నోరు మూసుకున్నాను.

ఆ నెలలో చేసినంత మంచి బేరాలు నేను నా జీవితంలో చేయలేదు. మేడ్చల్ అంగట్లో వంకాయల ముందు నిలబడి చూశాను, అంతే. అమ్మే ఆమె ఒక ధర చెప్పింది. నేను చూశాను.

"ఏందక్కా, గట్ల జూస్తవు? సరే, తగ్గిస్త తియ్యి."

చూశాను.

"నీ బాంచెన్, పుచ్చులు లెవ్వు. చేతులతోని ఏరి పెట్టిన. ఇగో, ఇంకింత తక్కువ జేసుకో."

చూస్తూనే ఉన్నాను, కళ్ళలో నీళ్ళు వచ్చేట్టు ఉన్నాయి, నాకు మాట్లాడాలని ఉంది. ఆమె విసిగి సంచిలో పోసి, పైన కొత్తిమీర కట్ట పెట్టి, "పో, పొద్దుగాల పొద్దుగాల నీతోని నాకెందుకు" అంది. ఇన్నేళ్ళు ఇంత నోరు ఎందుకు పారేసుకున్నానా అని దారంతా ఆలోచించాను.

ఇంటి పక్కవాళ్ళు నేను మౌనవ్రతం పట్టానని నిశ్చయించుకున్నారు. ఒకామె వచ్చి కాళ్ళకు దండం పెట్టి తన కోడలి మీద చెప్పుకుంది. సాయంత్రం ఆ కోడలు వచ్చి అత్త మీద చెప్పుకుంది. మా ఆయన మాత్రం పొద్దున లేచి కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. "మోటారు బంద్ వెట్టినట్టు ఎంత సల్లగున్నదే ఇల్లు" అనేవాడు. ఆ మాటకు జవాబు నెల తరవాత ఇచ్చాను, అది ఇక్కడ రాయను.

ఒకరోజు దుకాణంలో ఉండగా జంగారెడ్డి పటేల్ జీపు వచ్చి ఆగింది.

"సుగుణమ్మా, పెండ్లి అయిందా?"

"హుఁ" అన్నాను, ముక్కుతో.

"మరి ఎప్పుడొస్తవు?"

"హుఁ."

ఆయన కాసేపు శనగపప్పు డబ్బాను చూశాడు. పప్పు నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. ఇంకో హుఁ వేశాను, దలాలిది.

"గట్ల కోపం జేయకు బిడ్డా. నీకు ఎవరు జెప్పిండ్రో నాకు ఎరుకే. మూర్తి తప్పేం లేదు, చానెలోళ్ళు జల్దీ జల్దీ అంటాండ్రు. గందుకే ఆ రేడియో శారదమ్మతోని ఒక్క టేపు జేయించినం. ఒక్కటే. వాళ్ళకు మస్తు నచ్చింది. ఇగ నేనేం జేయాలె?"

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయనే చెప్పాడు. పిల్లాడు చేయి దాటిపోతున్నాడని మాట లేని నోటికి అట్లా తెలిసింది.

బేరం

నెల నిండగానే వెళ్ళాను. గొంతు వచ్చింది, పాత రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు. షెడ్డులో పటేల్, మూర్తిగారు ఉన్నారు. మైకు ముందు శారదగారు. నిండైన మనిషి, చక్కటి బొట్టు, రేడియో నాటకాల్లో ఎన్నో ఏళ్ళుగా మహారాణులు. మాట ముత్యంలా ఉంటుంది. ఆ మాట నేను కూడా ఒప్పుకుంటాను, అప్పుడు మాత్రం ఒప్పుకోలేదు.

నేను వెళ్ళేసరికి కిట్టు చెట్టు మీద నుంచి జారుతున్నాడు. తెర మీద వాడి నోరు మూసుకుని ఉంది. శారదగారు, "అయ్యో, పడిపోతున్నానే" అన్నారు, నిండుగా, దీర్ఘాలతో. మూర్తిగారు తల పట్టుకున్నారు.

"మాటలు వద్దండీ. ఊరికే... హ్మ్... అట్లా."

"మాటల్లేకుండా నేనేం చెప్పనండీ?" అన్నారు ఆవిడ, నిజంగా అర్థం కాక.

పటేల్ నన్ను పక్కకు పిలిచి కుర్చీ వేయించాడు. కుర్చీ వేయిస్తే కబురు చెడ్డదని అర్థం.

"ఖాయమైపోయింది బిడ్డా. కిట్టు శారదమ్మకే. నీకు కప్ప వాళ్ళమ్మ ఉన్నది గద, గది చూస్కో."

"పటేలా, ఒక్కసారి వినుండ్రి" అని, మొదటి టేపు, కొత్త టేపు పక్కపక్కన పెట్టించి జపాన్ మాట వినిపించాను. "ఇద్దరు కాదు, ఒక్క మనిషే. పేరు గూడ అదే, ఇగో కిటికీ, ఇగో తక్కెడ. ఆమె గొంతు గూడ బొంగురువోయింది. వాళ్ళేం మార్చలే."

మంచి వాదన అనుకున్నాను. పటేల్ జాగ్రత్తగా విన్నాడు.

"జపాన్ల ఆమెకు వయసైతే నాకేంది? గీడ పోరగాళ్ళు కిట్టుకు గొంతు నొప్పా అని అడిగితే ఎవలు జెప్పాలె? నువ్వా నేనా?"

నేను ఓడిపోయాను. ముల్లు నిలబడింది. నిలబడ్డ ముల్లుతో కొట్లాడేవాడు బేరం తెలియనివాడు. నేను లేచి, చీర సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి తిరిగాను.

"సరే పటేలా. తూకం ఆమెకే ఇయ్యుండ్రి. కొసరు నాకియ్యరా?"

"ఏం కొసరు?"

"మాటల్లేనియి. దగ్గు, తుమ్ము, ఆవలింత, ఉలికివడుడు, ఉరికితే ఆయాసం. నోరు మూసుకొని జేసేటియి. మాటలన్ని శారదమ్మయే. ఆఖరు దాక, మళ్ళ మార్చొద్దు."

మూర్తిగారు తల ఎత్తారు. ఆయనకు తెలుసు. ఆ సీరియల్లో పిల్లాడు మాట్లాడేది ఎంతో, మాట్లాడకుండా చేసేది అంతకంటే ఎక్కువ.

"గివి ఎన్నుంటయి మూర్తీ?" అని అడిగాడు పటేల్.

మూర్తిగారు పైకప్పుకు ఉన్న గుడ్ల అట్టలకేసి చూశారు. "ఏవో, అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయండీ" అన్నారు.

"తీస్కపో. సావుకారి బిడ్డవు అనిపించుకుంటివి" అని పటేల్ జీపెక్కాడు.

మూర్తిగారు అబద్ధం ఆడడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎప్పుడైనా ఆయన గురించి నన్ను ఎవరైనా అడిగితే, నన్ను తిట్టిన తిట్లు కాదు, ఆ అట్టలకేసి చూసిన చూపు చెబుతాను.

ఒక పిల్లాడు, ఇద్దరు ఆడవాళ్ళు

ఉన్నది ఒక్క మైకు. శారదగారు మాట అని ఎడమకు జరగాలి, నేను దూరి శ్వాస తీసి కుడికి జరగాలి, ఆవిడ మళ్ళీ రావాలి. మొదటి వారం తలలు ఢీకొన్నాయి. ఒకసారి ఆవిడ జడ నా హెడ్‌ఫోన్‌లో చిక్కుకుంటే కిట్టు గొంతుతో "అమ్మా" అన్నది నేనో ఆవిడో ఇప్పటికీ తేలలేదు. దాన్ని మూర్తిగారు అట్లాగే వాడుకున్నారు, చాలా సహజంగా ఉందని.

ఆవిడను ద్వేషించాలని నిర్ణయించుకుని వెళ్ళేదాన్ని. ఆవిడ పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసి తెచ్చి, సగం నాకు పెట్టేది. "నువ్వు లేకపోతే నేను పారిపోయేదాన్నే తల్లీ, ఆ హాలూ హూలూ నాకు చేతకావు" అనేది. ద్వేషం ఒక పెరుగన్నం దూరం కూడా పోలేదు.

కేకలు? డాక్టరు వద్దన్నాడు కదా. మూర్తిగారు దాచిన ఆ నిండు కేక ఉంది. తరవాత కిట్టు కొండ మీద నుంచి పడినా, మంచం మీద నుంచి పడినా అదే కేక. జాగ్రత్తగా వింటే మంచం చాలా ఎత్తుగా ఉన్నట్టు ఉంటుంది.

కొన్నాళ్ళకు పటేల్ వచ్చి కాసేపు కూర్చుని చూశాడు. శారదగారు ఒక మాట అంటే నేను నాలుగు సార్లు మైకు ముందుకు వస్తున్నాను.

"ఇదేంది? కొసరు అసలుకన్న ఎక్కువున్నది?"

"బేరం తెగినంక తక్కెడ మళ్ళ ఎక్కియ్యొద్దు పటేలా."

ఆయన మూర్తిగారికేసి చూశాడు. మూర్తిగారు ఏదో మీట తిప్పుతూ తల ఎత్తలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి బస్సులో, బౌరంపేట బడి పిల్లలు ఎక్కారు. కండక్టరు టికెట్టు అడిగితే ఒకడు ముక్కుతో "హుఁ" అన్నాడు, గడ్డం కొంచెం పైకెత్తి. మిగతావాళ్ళంతా మొదలుపెట్టారు. "కిట్టుగాని లెక్క జేస్తాండ్రు, టీవీ జూసి ఖరాబైతాండ్రు" అని కండక్టరు నా దగ్గర వాపోయాడు. అది మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద మా నాయినది అని చెప్పాలనిపించింది. నా టికెట్టు చిల్లర ఇంకా రావాల్సి ఉంది కాబట్టి ఊరుకున్నాను.

ఆఖరి లూప్

సీరియల్ అయిపోయే రోజు వచ్చింది. అదే షెడ్డుకూ ఆఖరి రోజు. పటేల్‌కు స్టూడియో కంటే ప్లాట్లు నయమనిపించింది. బయట ఆయన ఇద్దరు మనుషులతో నిలబడి, ఏ గోడ ఎక్కడ కొట్టాలో చేతితో గాలిలో గీస్తున్నాడు. గుడ్ల అట్టలు ఊడదీసుకుపోవడానికి బండి కూడా వచ్చి ఆగి ఉంది.

శారదగారి మాటలు మధ్యాహ్నానికే అయిపోయాయి. చివరి సీనులో కప్ప నదిలోకి వెళ్ళిపోతుంది. కిట్టు ఒడ్డున నిలబడి చూస్తాడు. మాట లేదు. కాగితం మీద తెలుగు రాసినాయన అక్కడ ఒక గీత గీసి ఊరుకున్నాడు. మొత్తం లూప్ నాదే.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అక్క చాలాసేపు ఏమీ చేయలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం ఉంది. నేను టేపు ఆగిందనుకున్నాను. అప్పుడు ముక్కులోంచి, చాలా చిన్నది, ఒక్కటి. ఏడుపు కాదు. అన్నిటికంటే చిన్నది, అమ్మకు వేసేది.

ఎర్ర లైటు వెలిగింది. నేను ఊరికే నిలబడ్డాను, వంకాయల ముందు నిలబడ్డట్టు. మాట్లాడాలని ఉండీ మాట్లాడకపోవడం అంటే ఏమిటో నాకు ఒక నెల మొత్తం తెలుసు. చివర, తెర మీద పిల్లాడి భుజాలు దిగినప్పుడు, వేశాను.

విమానం వచ్చింది.

మూర్తిగారు కళ్ళు మూసుకున్నారు. అది పోయేదాకా ఆగి, మళ్ళీ నిలబడి, మళ్ళీ వేశాను. ఈసారి పైన ఎవరూ లేరు. తెర మీద పేర్లు వచ్చాయి. కిటికీ, తక్కెడ వచ్చి, పైకి పోయాయి.

నేను గాజుల రుమాలు ముడి విప్పుకుంటుంటే, పక్కన కుర్చీలో శారదగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఎంత గడుసుదానివే" అన్నారు. "తూకం నాకు వేసి, కొసరని చెప్పి పిల్లాణ్ణి ఎత్తుకుపోయావు."

నాకు మంచి జవాబే తోచింది. మొదటిసారిగా, అనలేదు.

తలుపు తోసుకుని జంగారెడ్డి పటేల్ వచ్చాడు. వెనక అట్టల బండి ఆయన సుత్తితో సిద్ధంగా ఉన్నాడు.

"అయిపోయిందా? ఏమన్నడు పోరడు ఆఖరికి?"

"ఏమీ అనలేదండీ" అన్నారు మూర్తిగారు.

పటేల్ నన్ను, శారదగారి తడి కళ్ళను, మూర్తిగారిని వరసగా చూశాడు.

"మరి గంత సేపు లోపట ఏం జేసిండ్రు ముగ్గురు?"

"హుఁ" అన్నాను.